మ్యాచ్ ఎవరు గెలుస్తారన్నది కాదు, సెషన్ బెట్ల సంగతి రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఐపీఎల్ మొదలైందంటే మీ జిల్లా పేజీల్లో తరచూ ఒకే తరహా వార్త కనిపిస్తుంది. ఫలానా లాడ్జిలో క్రికెట్ బెట్టింగ్ ముఠా అరెస్టు, ఇన్ని సెల్‌ఫోన్లు, ఇంత నగదు, ఒక ల్యాప్‌టాప్ స్వాధీనం. ఆ వార్త చదివే తల్లిదండ్రులు, ఏ జట్టు గెలుస్తుందన్న దానిమీద కుర్రాళ్లు డబ్బు కాశారనే అనుకుంటారు. నెలల తరబడి కొంచెం కొంచెంగా ఇల్లు గుల్ల చేసేది ఆ పందెం కాదు. మ్యాచ్ ఫలితంతో సంబంధం లేని చిన్న చిన్న ముక్కల మీద కాసే పందేలు. మొదటి ఆరు ఓవర్లలో ఎన్ని పరుగులు వస్తాయి, ఈ ఓవర్లో ఎన్ని, ఈ బ్యాటర్ పాతిక దాటతాడా, తర్వాతి వికెట్ ఏ స్కోరు దగ్గర పడుతుంది, ఇలాంటివి. అమెరికాలో వీటిని ప్రాపొజిషన్ బెట్లు, వాడుకలో ప్రాప్ బెట్లు అంటారు. మన దగ్గర బుకీల నోట సెషన్, ఫ్యాన్సీ, లంబీ. వీటి లెక్క ఎలా నడుస్తుందో తెలిస్తేగానీ, క్రికెట్ బాగా తెలిసిన కుర్రాడు కూడా ఎందుకు ఓడిపోతాడో ఇంట్లోవాళ్లకు అర్థం కాదు. అందుకే ఈ లేఖ కాస్త పొడవైనా రాస్తున్నాను.

ముందు సెషన్ సంగతి. బుకీ 'ఆరు ఓవర్లు, 48–49' అని చెప్పాడనుకోండి. 'యస్' అన్నవాడు 49 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే గెలుస్తాడు. 'నాట్' అన్నవాడు 47 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే గెలుస్తాడు. గెలిస్తే వెయ్యికి వెయ్యి. చూడ్డానికి రెండు వైపులా సమానమే, కమీషన్ మాటే లేదు. మరి సరిగ్గా 48 పడితే? యస్ అన్నవాడూ ఓడాడు, నాట్ అన్నవాడూ ఓడాడు. రెండు పక్కల డబ్బూ బుకీ జేబులోకే. సరిగ్గా 48 పడే అవకాశం నూటికి మూడు అనుకుంటే, ఎవరు ఏ పక్క కాసినా నూరు రూపాయలకు సగటున మూడు రూపాయలు ముందే పోయినట్టు. వికెట్ పడగానే, చినుకులు మొదలవగానే బుకీ 48–49 తీసేసి 48–50 అంటాడు. అప్పుడు 48, 49 రెండూ ఆయనవే, మూడు రూపాయలు ఆరవుతాయి. ఆడేవాడు మాత్రం ఒక్క అంకె తేడాయే కదా అనుకుంటాడు.

యాప్‌లలో ఇదే మరో రూపంలో ఉంటుంది. రెండు పక్కలా 48 అనే ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో ఒక వైపు 110, మరో వైపు 90. అంటే నాట్ అన్నవాడు 110 పెడితే 100 గెలుస్తాడు, యస్ అన్నవాడు 100 పెడితే 90 గెలుస్తాడు. ఈ అంకెలను అవకాశాల్లోకి మార్చి చూడాలి. 110 పెట్టి 100 గెలిచేవాడు నష్టం లేకుండా బయటపడాలంటే 210లో 110 వంతు, అంటే 52.4 శాతం సార్లు గెలవాలి. 100 పెట్టి 90 గెలిచేవాడు 190లో 100 వంతు, 52.6 శాతం సార్లు గెలవాలి. రెండూ కలిపితే 105. నిజానికి రెండు పక్కల అవకాశాలూ కలిపితే 100కు మించడానికి లేదు. ఆ పైనున్న అయిదే దుకాణం లాభం. ఏ పందెమైనా సరే, రెండు వైపుల రేట్లనూ ఇలా శాతాల్లోకి మార్చి కూడితే ఎంత కోస్తున్నారో కాగితం మీద తెలిసిపోతుంది.

చట్టబద్ధంగా నడిచే అమెరికాలోనూ ఇంతే. అక్కడ జట్ల మీద ప్రధాన పందేలకు సాధారణంగా మైనస్ 110, అంటే 110 డాలర్లు పెడితే 100 వస్తాయి. రెండు పక్కల మొత్తం 104.8. అదే బాస్కెట్‌బాల్‌లో ఒక ఆటగాడు ఎన్ని పాయింట్లు చేస్తాడు, ఎన్ని రీబౌండ్లు (గురి తప్పి వెనక్కొచ్చిన బంతులు) పడతాడు అనే ప్రాప్‌లకు వచ్చేసరికి మైనస్ 115, కొన్నిసార్లు మైనస్ 120 కనిపిస్తుంది. 115 దగ్గరే మొత్తం 107కు చేరుతుంది. పందెం చిన్నదయ్యేకొద్దీ కోత పెరుగుతుంది. మొదటి గోల్ ఎవరు కొడతారు, అమెరికన్ ఫుట్‌బాల్‌లో మొదటి టచ్‌డౌన్ ఎవరిది వంటి, పదీ పాతిక పేర్లున్న జాబితాల్లో ఒక్కో పేరు పక్క అంకెను శాతంలోకి మార్చి కూడి చూడండి, వందను చాలా దూరం దాటిపోతుంది. చిన్న పందేల మీద చిన్న పరిమితులు పెట్టడానికీ, గెలిచేవాళ్ల ఖాతాలకు మరీ చిన్న పరిమితులు పెట్టడానికీ అక్కడి సంస్థలు వెనకాడవు.

ఇక ఆటగాడి పరుగుల మీద కాసే పందేలు. క్రికెట్ బాగా చూసే కుర్రాళ్లు ఎక్కువగా పడిపోయేది ఇక్కడే. ఒక బ్యాటర్ పది ఇన్నింగ్స్ ఇలా ఉన్నాయనుకుందాం: 4, 11, 0, 22, 68, 17, 31, 9, 88, 25. మొత్తం 275, సగటు 27.5. యాప్‌లో ఈ బ్యాటర్‌కు లైను, అంటే దాటతాడా లేదా అని పందెం కాసే అంకె, 20 అని కనిపిస్తే, 'సగటు ఇరవై ఏడున్నర ఉన్నవాడికి ఇరవయ్యేనా, బుకీ పొరపడ్డాడు' అని కుర్రాడు సంబరపడి యస్ కొడతాడు. బుకీ పొరపడలేదు. ఆ పది స్కోర్లనూ వరసగా పేర్చండి: 0, 4, 9, 11, 17, 22, 25, 31, 68, 88. మధ్యలో ఉన్నవి 17, 22. అంటే పదిలో అయిదు సార్లు 20 దాటాడు, అయిదు సార్లు దాటలేదు. సగం సగం. సగటైన 27.5ను దాటింది మూడు సార్లే. రెండు పెద్ద ఇన్నింగ్స్ సగటును పైకి లాగేశాయి. లైను పెట్టేవాళ్లు చూసేది సగటును కాదు, మధ్యస్థాన్ని, అంటే వరసలో సరిగ్గా మధ్యన పడే అంకెను. బ్యాటింగ్ స్కోర్లలో ఈ రెంటి మధ్య దూరం ఎప్పుడూ ఉంటుంది. సున్నా కంటే కిందికి ఎవరూ పోరు, పైకి మాత్రం వంద దాకా పోవచ్చు కాబట్టి. మీ క్రీడా పేజీలో మ్యాచ్ ముందు ఆటగాడి సగటు వేస్తారు. దాని పక్కనే, ఈ సీజన్లో ఎన్నిసార్లు 30 దాటాడో కూడా వేయండి. ఆటను అర్థం చేసుకోవడానికీ అదే మెరుగైన అంకె.

ఇంకోటుంది. జనం సాధారణంగా ఏదో ఒకటి జరగాలని కాస్తారు. బ్యాటర్ కొట్టాలని, సిక్సర్లు పడాలని. అభిమాన ఆటగాడు తక్కువకే ఔటవ్వాలని కాసేవాళ్లు తక్కువ. ఈ సంగతి లైను పెట్టేవాడికి తెలుసు, కాబట్టి అంకెను ఒకటీ రెండూ పైకి జరుపుతాడు. పెద్ద పేరున్న బ్యాటర్ల దగ్గర ఈ జరుపుడు ఇంకాస్త ఎక్కువ.

లైను అరలో ఉంటే, ఉదాహరణకు 24.5, ఎటో ఒకవైపు తేలుతుంది. పూర్తి అంకె ఉంటే, సరిగ్గా అదే వచ్చినప్పుడు అమెరికాలో పెట్టిన డబ్బు వెనక్కి ఇస్తారు. మన సెషన్ బెట్లలో ఆ పద్ధతి లేదని పైన చూశాం. వానకు ఆరు ఓవర్లు పూర్తి కాకపోతే సెషన్ రద్దవుతుంది. ఈ నియమాలన్నీ యాప్‌లో ఎక్కడో అడుగున ఉంటాయి. చదివేవాడు లేడు. విదేశాల నుంచి నడిచే యాప్‌లయితే 'రేటు తప్పు పడింది' అంటూ గెలిచిన సెషన్‌ను తర్వాత తుడిచేయవచ్చు. అడగడానికి ఆఫీసు ఉండదు, ఫిర్యాదు తీసుకునేవాడు ఉండడు.

జోడింపు పందేల గురించి తప్పకుండా చెప్పాలి. నాలుగు ముక్కలు కలిపి కాస్తే వందకు వెయ్యి దాటి వస్తుందని యాప్ ఊరిస్తుంది. ఒక్కో ముక్క మైనస్ 115 రేటులో ఉందనుకుంటే, నాలుగూ నెగ్గితే వంద రూపాయలకు తిరిగొచ్చేది సుమారు 1,222. నాలుగు సగం–సగం అవకాశాలు ఒకేసారి నెగ్గడం పదహారు సార్లలో ఒకసారి జరుగుతుంది, కాబట్టి న్యాయంగా రావలసింది 1,600. ఒక్క ముక్క మీద ఆరున్నర శాతంగా ఉన్న కోత నాలుగు కలిపేసరికి 23.6 శాతం అయింది. ఒకే మ్యాచ్‌లోని ముక్కలను కలిపితే ఇంకో సంగతి ఉంది. ఓపెనర్ యాభై కొట్టడం, పవర్‌ప్లేలో అరవై దాటడం విడివిడి సంఘటనలు కావు, ఒకటి జరిగితే రెండోది జరిగే అవకాశం పెరుగుతుంది. అది యాప్‌కు తెలుసు, అందుకే కలిపినప్పుడు రేటు తగ్గిస్తుంది. ఎంత తగ్గించిందో, అందులో న్యాయమెంతో, కోత ఎంతో తెర మీద కనిపించదు. విడివిడి రేట్లను గుణించి, యాప్ ఇచ్చే రేటుతో పోల్చితే తేడా తెలుస్తుంది, అంతవరకే.

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలకూ ఈ లెక్క అవసరం. 2018 మే 14న అక్కడి సుప్రీంకోర్టు 1992 నాటి కేంద్ర నిషేధ చట్టాన్ని కొట్టేసింది. ఆ తర్వాత ముప్పైకి పైగా రాష్ట్రాలు క్రీడా పందేలను చట్టబద్ధం చేశాయి. చట్టబద్ధం కాని చోట్ల కూడా, ఫాంటసీ ఆట పేరుతో 'ఎక్కువ–తక్కువ' యాప్‌లు నడిచాయి. ఇద్దరు ఆటగాళ్లను ఎంచుకుని, చెప్పిన అంకె కంటే ఎక్కువో తక్కువో చెప్పాలి. రెండూ సరైతే సాధారణంగా మూడింతలు ఇస్తారు. సగం–సగం అవకాశాలు రెండు కలిస్తే నాలుగింతలు ఇవ్వాలి కదా, నాలుగో వంతు అక్కడే పోయింది. మూడింతల దగ్గర నష్టం లేకుండా ఉండాలంటే ఒక్కో అంచనా 57.7 శాతం సార్లు సరికావాలి. ఏళ్ల తరబడి ఇదే పనిగా ఉన్నవాళ్లకు కూడా అది గగనం. ఇది ప్రాప్ బెట్టేనని, పైగా ఎక్కువ కోత ఉన్నదని ఇక్కడున్న తల్లిదండ్రులు పిల్లలకు చెప్పగలగాలి. కేవలం 'బెట్టింగ్ ఆడకు' అంటే, 'ఇది బెట్టింగ్ కాదు, ఫాంటసీ' అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది.

కోత ఎంత ఉన్నా, అసలు నష్టాన్ని తెచ్చేది వేగం. ఏ జట్టు గెలుస్తుందని కాస్తే మ్యాచ్‌కు ఒక్క పందెం. సెషన్లు, ఓవర్లు, బంతులు అంటే ఒక్క మ్యాచ్‌లో నలభై సులువుగా అవుతాయి. రెండు వేలు జేబులో పెట్టుకుని, ఒక్కోదానికి అయిదు వందల చొప్పున నలభై పందేలు ఆడినవాడు నిజానికి ఇరవై వేలు కాసినట్టు, అదే డబ్బు తిరిగి తిరిగి వస్తుంది కాబట్టి. అయిదు శాతం కోత చొప్పున సగటున మ్యాచ్‌కు వెయ్యి పోతుంది. 74 మ్యాచ్‌ల సీజన్ మొత్తం ఇలా ఆడితే 74 వేలు. మధ్యలో గెలిచిన రోజులు కూడా చాలా ఉంటాయి, ఆ రోజులే మనిషిని అక్కడ నిలబెట్టేవి.

పోయిన డబ్బు రాబట్టుకోవాలని రెట్టింపు చేస్తూ పోయేవాళ్ల లెక్క ఇంకా ఘోరం. 500, 1,000, 2,000, 4,000, 8,000, 16,000. ఆరు వరస ఓటములకు 31,500 పోతుంది. ఏడోదానికి 32,000 పెట్టాలి, నెగ్గినా చేతికి మిగిలే లాభం 500. ఆరుసార్లు వరసగా ఓడతామా అనుకుంటారు. ఆరు పందేలే అయితే 64లో ఒక్కసారి. కానీ నలభై పందేల్లో ఎక్కడో ఒకచోట ఆరు వరస ఓటములు తగిలే అవకాశం, రేట్లు సమానమనుకున్నా, దాదాపు నాలుగో వంతు. అంటే సగటున నాలుగు మ్యాచ్‌లకొకసారి. సీజన్ మొదటి వారంలోనే బైక్ తాకట్టు పెట్టే పరిస్థితి ఎందుకు వస్తుందో ఈ ఒక్క లెక్క చెబుతుంది. దీన్ని దురదృష్టం అనడానికి లేదు.

ఇంకా, ఆడేవాడు చూస్తున్నది జరిగిపోయిన ఆట. మైదానంలో బంతి పడ్డాక టీవీలో కొన్ని సెకన్లు ఆలస్యం, ఫోన్లో స్ట్రీమింగ్ అయితే ఇంకా ఎక్కువ. యాప్‌లో 'బాల్ రన్నింగ్' అని పడి రేట్లు మూసుకుపోయే సమయానికి మీ తెర మీద బౌలర్ ఇంకా రనప్ మొదలుపెట్టి ఉండడు. స్టేడియంలో కూర్చుని ఫోన్లో బంతి బంతికీ సమాచారం చేరవేసే మనుషులుంటారు. 2021 ఐపీఎల్‌లో ఢిల్లీ మైదానంలో ఒక పారిశుద్ధ్య కార్మికుణ్ని ఈ పనికి వాడుకున్నారని క్రికెట్ బోర్డు అవినీతి నిరోధక విభాగం అధిపతే చెప్పారు. ఇంట్లో సోఫాలో ఉన్నవాడికి ఆ కొన్ని సెకన్లలో జరిగింది ఎప్పటికీ ముందు తెలియదు.

ఫిక్సింగ్ సంగతి కూడా ఇక్కడే ముడిపడి ఉంది. మ్యాచ్ ఫలితం మార్చాలంటే చాలామందిని కొనాలి. ఒక ఓవర్లో పరుగులు మార్చాలంటే ఒక్క బౌలర్ చాలు. 2010 ఆగస్టులో లార్డ్స్ టెస్టులో పాకిస్తాన్ బౌలర్లు మహమ్మద్ ఆమిర్ రెండు, మహమ్మద్ ఆసిఫ్ ఒకటి, ముందుగా చెప్పినట్టే నోబాల్స్ వేశారు. 2011 నవంబరులో లండన్ కోర్టు ఆ ఇద్దరికీ, కెప్టెన్ సల్మాన్ బట్‌కూ, ఏజెంట్ మజహర్ మజీద్‌కూ జైలు శిక్ష వేసింది. ఇక్కడ చాలామంది తప్పుగా అర్థం చేసుకునేది ఒకటుంది. ఒక్క నోబాల్ మీద కోట్లు కాయించుకునే బుకీ ఉండడు. ఆ నోబాల్స్, ఆటగాళ్లు చెప్పినట్టు వింటారని చూపించడానికి. డబ్బు పండేది ఆ తర్వాత, పది ఓవర్ల సెషన్లలో పరుగులు కట్టడి చేసినప్పుడు. 2013 మే 16న ఢిల్లీ పోలీసులు ముగ్గురు రాజస్థాన్ రాయల్స్ ఆటగాళ్లను అరెస్టు చేసినప్పుడు చేసిన ఆరోపణ కూడా ఇలాంటిదే: ఒక ఓవర్లో అనుకున్నన్ని పరుగులు ఇవ్వాలి, ఇవ్వబోయే ముందు నడుముకు తువ్వాలు దోపుకోవడం వంటి సంకేతం చూపాలి, పందేలు కాయడానికి బుకీలకు కాస్త సమయం దొరికేలా. 2015లో ఢిల్లీ కోర్టు వాళ్లపై క్రిమినల్ అభియోగాలను కొట్టేసింది. బోర్డు నిషేధాలు వేరే దారిన నడిచాయి.

అమెరికాలో ఇదే కథ, తీరు వేరు. టొరంటో రాప్టర్స్ బాస్కెట్‌బాల్ ఆటగాడు జాంటే పోర్టర్‌పై 2024 ఏప్రిల్ 17న అక్కడి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ జీవితకాల నిషేధం విధించింది. మార్చి 20న ఒంట్లో బాగాలేదని మూడు నిమిషాలకే ఆట మధ్యలో బయటికి వెళ్లిపోయాడు. అతను తక్కువ పాయింట్లు చేస్తాడని ఒకరు 80 వేల డాలర్ల జోడింపు పందెం కాశారు, నెగ్గితే 11 లక్షల డాలర్లు. ఆ అసాధారణ పందేన్ని పందెం సంస్థే పట్టి డబ్బు ఆపేసింది. ఈ దారి ఎక్కడి నుంచి దొరికిందో చూడండి. ఆటగాడు అసలు దిగకపోతే పందెం రద్దవుతుంది. కాసేపు దిగి వెళ్లిపోతే మాత్రం పందెం నిలబడుతుంది, 'తక్కువ' అన్నవాడు గెలుస్తాడు. బాగా ఆడి 'ఎక్కువ' గెలిపించడం ఎవరి చేతుల్లోనూ లేదు, ఆడకుండా 'తక్కువ' గెలిపించడం ఎవరికైనా సాధ్యమే. అందుకే ఆ తర్వాత, తక్కువ జీతాలుండే టూ–వే ఒప్పందాల ఆటగాళ్ల మీద 'తక్కువ' పందేలను అక్కడి ప్రధాన సంస్థలు ఆపేశాయి. 2025 నవంబరులో ఇద్దరు క్లీవ్‌లాండ్ బేస్‌బాల్ బౌలర్లపై, ముందుగా చెప్పి కొన్ని బంతులను గతి తప్పించి వేశారని అభియోగాలు నమోదయ్యాయి. వాళ్లు నేరాన్ని ఒప్పుకోలేదు. ఆ వెంటనే ఒక్కో బంతి మీద పందేలకు 200 డాలర్ల పరిమితి పెట్టి, జోడింపుల్లో వాటిని కలపకూడదని లీగ్, పందెం సంస్థలు ఒప్పందానికి వచ్చాయి. లైసెన్సు, లెక్కలు, నిఘా అన్నీ ఉన్నచోటే చిన్న పందేలను ఇలా కుదించుకోవాల్సి వస్తోంది. మన దగ్గర వాట్సాప్‌లో ఐడీ ఇచ్చి నడిపే చోట ఆ నిఘా చేసేదెవరు?

చట్టం ఎక్కడుందో కూడా పాఠకులకు స్పష్టంగా తెలియాలి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం దేశమంతా డబ్బు ఆటలను నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చేవారికి రెండేళ్ల వరకు, 50 లక్షల వరకు. చెల్లింపులు జరిపించేవారికీ శిక్షలున్నాయి. ఆడేవాడిని ఈ కేంద్ర చట్టం శిక్షించదు, కానీ రాష్ట్ర చట్టాల కింద కేసు రావచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. గెలిచిన డబ్బు ఇవ్వకపోతే కోర్టుకెక్కలేరు. అలాగే 'పందెంలో ఓడిన బాకీ' అంటూ బుకీ కూడా కోర్టు ద్వారా వసూలు చేసుకోలేడు. ఈ రెండో ముక్క తెలియక, ఇంటి మీదికి వచ్చి గొడవ చేస్తారన్న భయంతో పొలాలు అమ్మి కట్టే కుటుంబాలున్నాయి. బెదిరిస్తే అది పోలీసులకు ఫిర్యాదు చేయాల్సిన విషయం.

యాప్‌లలో డబ్బు వేయమన్నప్పుడు ప్రతిసారీ వేరే పేరు, వేరే యూపీఐ ఐడీ వస్తుంది. అవి అద్దెకు తీసుకున్న ఖాతాలు. గెలిచిన డబ్బు మీ ఖాతాలోకి వచ్చేది కూడా అలాంటి ఖాతా నుంచే. ఆ డబ్బు ఎక్కడో సైబర్ మోసంలో పోగొట్టుకున్నవారిదైతే, ఫిర్యాదు వెంబడి పోలీసులు వరసలో ఉన్న ఖాతాలన్నీ నిలిపివేయిస్తారు. రెండు వేలు గెలిచినవాడి జీతం ఖాతా ఆగిపోయేది ఇలాగే. తెలియని మరో రాష్ట్రం పోలీస్ స్టేషన్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడపాలి, నెలలు పడుతుంది. కాలేజీ కుర్రాళ్లు కొద్ది వేలకు ఆశపడి తమ ఖాతా, సిమ్, ఏటీఎం కార్డు ఇచ్చేస్తే, పందెం ఆడకపోయినా కేసులో నిందితులవుతారు.

మీ పత్రికకు మా విన్నపం. అరెస్టు వార్త రాసేటప్పుడు 'క్రికెట్ బెట్టింగ్' అని సరిపెట్టకుండా, ఏ రకం పందెమో రాయించండి: సెషనా, ఓవరా, ఆటగాడి పరుగులా, జోడింపా. పోలీసుల పంచనామాలో ఆ వివరం ఉంటుంది, విలేకరి అడిగితే చాలు. రేట్లు మాత్రం అచ్చు వేయకండి, ఫేవరెట్ ఎవరన్న పేరుతో కూడా వద్దు. అద్దె ఖాతాల వివరం ఉంటే అది ముందు రాయండి, కుర్రాళ్లకు తగిలేది అదే. 'న్యూస్', 'స్పోర్ట్స్ బ్లాగ్' ముసుగులో వచ్చే బెట్టింగ్ సంస్థల ప్రకటనలు తీసుకోవద్దని సమాచార ప్రసార శాఖ 2022 నుంచే చెబుతోంది. మీ వెబ్‌సైట్‌లో వాటంతట అవే వచ్చిపడే ప్రకటనలను కూడా ఒకసారి చూసుకోండి.

ఆ వార్తల కింద ప్రతిసారీ ఒక లైను వేయండి. ఆపలేకపోతున్నవారు, వారి ఇంట్లోవారు మాట్లాడటానికి టెలీ మానస్ 14416. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. యాప్‌లో డబ్బు మోసపోతే సైబర్ క్రైమ్ 1930, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. మీ పత్రికను నెట్‌లో చదివే అమెరికా తెలుగువారి కోసం అక్కడి సహాయ నంబరు 1-800-426-2537 కూడా వేయండి.

ఇట్లు,
గణాంకశాస్త్ర అధ్యాపకుల తరఫున ఒక పాఠకుడు,
గుంటూరు